ఆడపడుచు ఇచ్చిన టెస్టోస్టిరాన్ క్రీము నేను రాసుకోవచ్చా?

ప్రశ్న

డాక్టరమ్మ గారూ, నాకు 46 ఏళ్లు. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. 37 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని పోతే ఒక ప్రైవేటు దవాఖానలో గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత కొద్ది నెలలకే ఒంట్లోంచి సెగలు రావడం మొదలైంది. రాత్రి నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది, మోకాళ్లు, ఎముకలు గుంజుతాయి. ఇంకొకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మా ఆయన పక్కన పడుకోవాలన్న మనసే పోయింది. కలిసినా మంట. ఆయన ఏమీ అనడు. చాలా రోజులుగా వాకిట్లో మంచం వేసుకుంటున్నాడు. నాకే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

మా ఆడపడుచు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు ఆమెతో చెప్పుకున్నాను. తనకూ ఇట్లాగే ఉండేదట. అక్కడి డాక్టరు ముందు ఒంటికి అంటించుకునే ఒక ప్యాచ్, తర్వాత టెస్టోస్టిరాన్ క్రీము రాసిచ్చిందట. ఇప్పుడు నిద్ర పడుతోంది, సత్తువ వచ్చింది, మళ్లీ మనిషినయ్యాను అంటోంది. పోతూ పోతూ ఒక ట్యూబు నా చేతిలో పెట్టి పోయింది. అది మగవాళ్ల హార్మోన్ కదా, మీసాలు వస్తాయేమోనని భయం. మా ఊరి ఆర్‌ఎంపీని అడిగితే ట్యూబు ఎందుకమ్మా, బలానికి సూది ఉంది, నెలకొకటి వేస్తానన్నాడు. బిడ్డ పెళ్లి చేసినాక ఇట్లాంటివి అడిగితే డాక్టర్లు నవ్వుతారేమో. బీపీ గోళీ, రాత్రి పూట టెన్షన్‌కు ఒక గోళీ వేసుకుంటాను. మా ఆయనకు 52. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు

చెల్లెమ్మా, నవ్వే డాక్టరు ఎవరైనా ఉంటే ఆ తప్పు డాక్టరుది, మీది కాదు. బిడ్డ పెళ్లయింది కాబట్టి తల్లికి ఒళ్లు, మనసు ఉండకూడదని ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట "నాకే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది" అన్నది. దాని గురించి తర్వాత మాట్లాడతాను, వైద్యం అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ట్యూబు ఇప్పుడే మొదలుపెట్టకండి. ఆ సూది మాత్రం ఎప్పటికీ వేయించుకోకండి. అలాగని టెస్టోస్టిరాన్ మీకు పనికిరాదని అనడం లేదు. మీ పరిస్థితిలో ఉన్నవాళ్లకు అది మేలు చేసే అవకాశం ఉంది. కానీ దానికంటే ముందు జరగాల్సినవి మీకు ఈ తొమ్మిదేళ్లలో జరగలేదు.

మీ ఆపరేషన్ కాగితం వెతకండి. బీరువాలో, బియ్యం డబ్బా వెనక, రేషన్ కార్డు కవర్లో, ఎక్కడున్నా సరే తీయండి. దాని మీద 'టీఏహెచ్' అని మాత్రమే ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారని. పక్కన 'బీఎస్ఓ' అని కూడా ఉంటే రెండు అండాశయాలు, రెండు ట్యూబులు కూడా తీసేశారని. మన జిల్లాల్లో చాలామంది ఆడవాళ్లకు తమ కడుపులోంచి ఏం తీశారో తెలియదు. "సంచి తీసిన్రు" అంటారు, అంతే. కాగితం దొరక్కపోతే బయాప్సీ రిపోర్టు చూడండి. అందులో అండాశయాల కొలతలు రాసి ఉంటే అవి బయటికి వచ్చినట్టే. అదీ లేకపోతే స్కానింగ్‌తో కొంతవరకు తెలుస్తుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు మూడు మంది ఉంటే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది ఉన్నారు. తెల్లబట్టకు చాలాసార్లు వారం రోజుల మందులు సరిపోతాయి. దానికి గర్భసంచి తీయడం, పైగా 37 ఏళ్ల మనిషికి తీయడం, నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. అయిపోయినదాన్ని మార్చలేం. కానీ తీసేశాక "ఇక మీకు ఇట్లా ఇట్లా అవుతుంది, ఈ మందు వాడాలి" అని చెప్పి పంపకపోవడం రెండో అన్యాయం.

కొద్ది నెలలకే సెగలు మొదలయ్యాయంటే మీకు అండాశయాలు కూడా తీసి ఉంటారని నా అనుమానం. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక్కటే తయారుచేయవు. టెస్టోస్టిరాన్ కూడా చేస్తాయి. అది మగవాళ్ల హార్మోన్ అని మనకు అలవాటైపోయింది గానీ, ఆడవాళ్ల ఒంట్లోనూ పుట్టినప్పటి నుంచి ఉంటుంది. కొంత అండాశయాల నుంచి, కొంత మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. మామూలుగా ముట్లు ఆగినప్పుడు ఇది ఒక్కసారిగా పడిపోదు. ఇరవైల్లో ఉన్నంత నలభైల్లోకి వచ్చేసరికి ఉండదు, దాదాపు సగానికి వస్తుంది. అది వయసుతో మెల్లగా జరిగే తగ్గుదల. కానీ రెండు అండాశయాలు తీసేస్తే అంత తగ్గుదలా ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. అందుకే సహజంగా ముట్లు ఆగినవాళ్ల కంటే ఆపరేషన్‌తో ఆగినవాళ్లకు మనసు చచ్చిపోయినట్టు అనిపించడం ఎక్కువ.

ఇప్పుడు మీ ఆడపడుచు మాట. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగానే బాగుంది. కానీ ఆమె వాడేది రెండు మందులు. ఆ ప్యాచ్ ఈస్ట్రోజన్ అయి ఉంటుంది. సెగలు తగ్గడం, నిద్ర పట్టడం, నిద్ర పట్టినందువల్ల కోపం తగ్గడం, పగలు సత్తువ ఉండడం, ఇవన్నీ ఈస్ట్రోజన్ చేసే పనులు. క్రీము పని వేరు. ఈ మందు వాడిన చాలామంది అనుభవాల్లో ఈ కలగాపులగం ఉంటుంది. రెండూ కలిపి వాడి, పేరు మాత్రం కొత్తదానికి ఇస్తారు.

పరిశోధనలు ఏం తేల్చాయో కూడా చెప్తాను. 2019లో 36 ట్రయల్స్‌ను, అంటే ఎనిమిది వేల మందికి పైగా ఆడవాళ్ల వివరాలను, కలిపి చూశారు. ముట్లు ఆగినవాళ్లలో కోరిక తగ్గి, దాని వల్ల బాధపడుతున్నవాళ్లకు టెస్టోస్టిరాన్ మేలు చేస్తుందని తేలింది. ఎంత మేలు అంటే, సగటున నెలకు ఒక్క తృప్తికరమైన కలయిక ఎక్కువ. దాంతోపాటు కోరిక, స్పందన పెరగడం, దిగులు తగ్గడం. ఇది చిన్నదే అనిపించవచ్చు, కానీ ఏళ్ల తరబడి సున్నా ఉన్న మనిషికి చిన్నది కాదు. ఎముకల గట్టిదనం, కండ బలం, జ్ఞాపకశక్తి, వీటికి మేలు చేస్తుందని మాత్రం తేలలేదు. అదే ఏడాది పలు దేశాల వైద్య సంఘాలు కలిసి ఒక ప్రకటన చేశాయి. ఆడవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇవ్వడానికి ఆధారం ఉన్న కారణం ఇదొక్కటే, అలసటకో జ్ఞాపకశక్తికో బలానికో ఇవ్వకండి అని చెప్పాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ట్రయల్స్‌లో మందు కలపని ఉత్తి క్రీమో ఉత్తి ప్యాచో వాడినవాళ్లలో కూడా చాలామందికి కొంత బాగైంది. తమ బాధను ఒకరు పట్టించుకుని వినడం కూడా మందులా పనిచేస్తుంది.

కాబట్టి మీ విషయంలో వరస ఇలా ఉండాలి. మొదట మంట సంగతి. కలిసినప్పుడు మంట పుడుతుంటే ఏ క్రీము రాసినా మనసు రాదు. నొప్పి ఉంటుందని తెలిసిన చోటికి ఒళ్లు తనంతట తాను వెళ్లదు. ఈస్ట్రోజన్ లేక అక్కడి చర్మం పలచబడి, పొడిబారిపోతుంది. దీనికి లోపల రాసుకునే ఈస్ట్రియాల్ క్రీము ఉంది, అదీ ఒక రకం ఈస్ట్రోజనే. మొదట రెండు మూడు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ కాబట్టి ఎక్కువ మందికి భయం లేకుండా ఇవ్వవచ్చు. మాటిమాటికీ మూత్రంలో మంట వస్తుంటే అదీ తగ్గుతుంది. కలిసేటప్పుడు మందుల షాపులో దొరికే నీటి ఆధారిత జెల్ వాడండి.

రెండోది, సెగలకు, నిద్రకు, ఎముకలకు ఒంటికంతటికీ అందే ఈస్ట్రోజన్. గర్భసంచి ఉన్నవాళ్లకు దాని లోపలి పొరను కాపాడటానికి ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ కూడా ఇస్తారు, మీకు గర్భసంచి లేదు కాబట్టి అది సాధారణంగా అక్కర్లేదు. మన దేశంలో సహజంగా ముట్లు ఆగే సగటు వయసు 46, 47. మీకు 37కే ఆగాయి. అంత ముందుగా అండాశయాలు పోయినవాళ్లకు గుండెజబ్బు, ఎముకలు గుల్లబారడం ముప్పు పెరుగుతుంది. అందుకే వాళ్లకు కనీసం యాభై దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలంటారు. మొదలుపెట్టడానికి మంచి సమయం అరవై లోపు, ముట్లు ఆగిన పదేళ్ల లోపు. మీకు ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లు. ఇంకో ఏడాది "చూద్దాంలే" అని గడపకండి. నేను ఈ జవాబు పొడుగ్గా రాయడానికి అసలు కారణం ఇదే.

హార్మోన్ అంటే క్యాన్సర్ అనే భయం అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాక ఊరూరా పాకింది. ఆ పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ పెరిగింది రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో. గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో పెరగలేదు. పక్షవాతం, రక్తం గడ్డకట్టడం ముప్పు గోళీలతో కొంచెం ఉంటుంది. జెల్ లేదా ప్యాచ్ రూపంలో చర్మం ద్వారా ఇస్తే గడ్డకట్టే ముప్పు అలా పెరగదు. మీకు బీపీ ఉంది కాబట్టి చర్మం ద్వారా ఇవ్వమని అడగండి. దీనికి ఇంకో లాభం ఉంది. ఈస్ట్రోజన్ గోళీగా మింగితే, మీ ఒంట్లో మిగిలి ఉన్న కాస్త టెస్టోస్టిరాన్‌ను కూడా అది రక్తంలోని ఒక ప్రోటీన్‌కు కట్టిపడేస్తుంది. చర్మం ద్వారా అయితే ఆ ఇబ్బంది తక్కువ.

మూడోది, ఆ "టెన్షన్ గోళీ". స్ట్రిప్ వెనక్కి తిప్పి పేరు చదవండి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ లాంటి పేరు ఉంటే, అవి మంచి మందులే గానీ కోరికను తగ్గించడం వాటి మామూలు దుష్ప్రభావం. మీరు ఏళ్లుగా అనుభవిస్తున్నదానికి సగం కారణం ఆ గోళీయే కావచ్చు. అలాగని రేపటి నుంచి మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, గుండెదడ వస్తాయి. డాక్టరుకు చూపించి, మోతాదు తగ్గించడమో వేరే మందుకు మార్చడమో చేయించుకోండి. పనిలో పనిగా థైరాయిడ్, రక్తహీనత, షుగర్, బీ12 పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్న మనిషికి ఏ హార్మోనూ సత్తువ ఇవ్వదు.

ఎముకల గుంజుడు గురించి ఒక మాట. మీ ఇల్లు మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లు తాగిన ఊళ్లలో అయితే ఫ్లోరైడ్ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు ఎముకల స్కాన్‌లో గట్టిదనం బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. ఆ రిపోర్టు చూసి "ఎముకలు బాగున్నాయి" అని పంపించేస్తే మీ నొప్పి అక్కడే ఉంటుంది.

ఇవన్నీ చేసుకుని మూడు నాలుగు నెలలు చూడండి. చాలామందికి ఇక్కడికే సరిపోతుంది. నిద్ర పట్టి, మంట పోయి, మనిషి తేటపడ్డాక మనసు దానంతట అదే వస్తుంది. అన్నీ బాగై, అది ఒక్కటే రాకపోతే, అప్పుడు టెస్టోస్టిరాన్ గురించి అడగండి. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2015లో చెప్పిన వరస కూడా ఇదే.

ఇక్కడ ఒక ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. ఆ కోరిక మీకు కావాలా, లేక మీ ఆయన కోసం కావాలా? కోరిక తగ్గినా ఏ బాధా లేక హాయిగా ఉన్న ఆడవాళ్లు బోలెడంత మంది. వాళ్లకు జబ్బు లేదు, మందు అక్కర్లేదు. మొగుడు సణుగుతున్నాడనో అత్తగారు ఏదో అన్నదనో వచ్చి మందు అడిగినవాళ్లకు నేను ఈ మందు రాయను, ముందు వాళ్లతో మాట్లాడతాను. మీరు మాత్రం "నాకే" అన్నారు. మీరు పోగొట్టుకున్నది మీకు కావాలి. ఈ మందు అలాంటివాళ్ల కోసమే.

దీన్ని సరైన మోతాదులో వాడినవాళ్లు ఏం చెప్తారో రాస్తాను. మొదటి నెల ఏమీ తెలియదంటారు. రెండో నెలలో "ఎప్పుడూ లేనిది ఆయన పక్కన కూర్చుంటే బాగనిపించింది" లాంటి మాట వస్తుంది. ఉన్నట్టుండి పడుచుదనం వచ్చేయదు. ముట్టుకుంటే చీదర పడటం పోతుంది, ఆలోచన వస్తుంది, తృప్తి సులువవుతుంది. మరికొందరికి ఆరు నెలలైనా ఏమీ ఉండదు. వాళ్లకు ఆపేస్తాం, ఆరు నెలల్లో పనిచేయని మందు ఏడో నెలలో పనిచేయదు. కొందరికి బాగున్నా మొటిమలు వచ్చాయనో, రాసిన చోట నూగు పెరిగిందనో వాళ్లే ఆపేస్తారు. మీ మీసాల భయానికి జవాబు ఇదే. ఆడవాళ్ల మోతాదులో వచ్చేవి మొటిమలు, గడ్డం కింద ఒకటీ అరా వెంట్రుకలు. మోతాదు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటాయి. మోతాదు మించితే మాత్రం నెత్తి మీద జుట్టు పలచబడటం, గొంతు మారడం, కింద మర్మభాగం పెద్దదవడం జరుగుతాయి.

గొంతు గురించి ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆ సూది వల్ల. ఊళ్లలో 'బలం సూది' పేరుతో వేసేవాటిలో నాండ్రోలోన్ ఒకటి. అది టెస్టోస్టిరాన్‌కు దగ్గరి చుట్టం లాంటి స్టెరాయిడ్. కొందరు మగవాళ్ల టెస్టోస్టిరాన్ సూదే వేస్తారు. ఒక సూదితో ఆడమనిషి ఒంటికి పట్టే దానికంటే ఎన్నో రెట్లు ఒక్కరోజులో రక్తంలోకి పోతుంది, వారాల తరబడి ఉంటుంది. జెల్ అయితే తుడిచేసి ఆపవచ్చు, సూది వేశాక వెనక్కి తీయలేం. పాలమూరు వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒకామె వాళ్ల వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తుకునే మనిషి. ఆమె ఒక వరస పాడితే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. మోకాళ్ల నొప్పులకని నెలనెలా బలం సూదులు వేయించుకుంది. నొప్పులు అట్లాగే ఉన్నాయి, గొంతు మాత్రం దిగింది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "అన్నా" అంటున్నారని చెప్పింది. సూదులు ఆపించాం. మొటిమలు పోయాయి, గడ్డం వెంట్రుకలు తగ్గాయి. గొంతు పాత వరసకు రాలేదు. స్వరతంత్రులు ఒకసారి దళసరి అయితే మళ్లీ పలచబడకపోవచ్చు. ఇప్పుడామె చప్పట్లు కొడుతూ వెనక వరసలో తిరుగుతుంది. సూదులు, చర్మం కింద పెట్టే గుళికలు, మింగే గోళీలు, వీటిలో ఏదీ ఆడవాళ్లకు వద్దని 2019 ప్రకటనలో ఉంది. మింగే రూపం కొలెస్టరాల్‌ను కూడా పాడుచేస్తుంది.

మరి ఎలా వాడాలి? ఆస్ట్రేలియాలో ఆడవాళ్ల కోసమే ఒక శాతం క్రీముకు 2020లో అనుమతి ఇచ్చారు. మామూలు మోతాదు రోజుకు అర మిల్లీలీటరు, అంటే 5 మిల్లీగ్రాముల మందు. మీ ఆడపడుచు తెచ్చింది అదే కావచ్చు. మన దేశంలో ఆడవాళ్ల కోసమని అనుమతి పొందిన టెస్టోస్టిరాన్ మందు లేదు. ఇక్కడి డాక్టర్లు రాసిస్తే మగవాళ్ల జెల్‌నే తక్కువ మోతాదులో రాస్తారు. మగవాళ్లకు రోజుకు ఒక ప్యాకెట్, అందులో 50 మిల్లీగ్రాములు. ఆడవాళ్లకు అందులో పదో వంతు. ఒక ప్యాకెట్ పది రోజులు రావాలన్నమాట. కంటితో అందాజుగా పిండితే ఒకరోజు రెట్టింపు, ఒకరోజు సగం అవుతుంది. సూది తీసేసిన చిన్న సిరంజిలోకి తీసుకుని కొలిచి రాసుకోమని చెప్తాం. డాక్టరు చీటీ లేకుండా షాపువాళ్లు ఇస్తామన్నా తీసుకోకండి.

మీ ఉద్యోగం అంగన్‌వాడీ కాబట్టి దీన్ని మరీ జాగ్రత్తగా చదవండి. ఈ జెల్ రాసిన చర్మం పిల్లలకు తగిలితే వాళ్లకూ మందు అంటుతుంది. పెద్దవాళ్లు రాసుకున్న జెల్ తగిలి చిన్నపిల్లలకు వయసు రాకముందే మర్మాంగాల దగ్గర వెంట్రుకలు, ఎదుగుదల వచ్చిన కేసులు చూసి, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వీటి డబ్బాల మీద పెద్ద హెచ్చరిక వేయించింది. సాధారణంగా పొట్ట మీదో తొడ మీదో రాసుకోమంటారు. చీర కట్టుకున్నప్పుడు నడుము, పొట్ట పక్క భాగం బయటే ఉంటాయి. మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్ల ముఖం ఆనించేది సరిగ్గా అక్కడే. కాబట్టి పొట్ట మీద వద్దు. తొడ పైభాగంలో బయటి వైపు, పొడి చర్మం మీద, రోజుకొక పక్క రాసుకోవాలి. ఆరనిచ్చి, లంగా కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే సెంటర్‌కు వెళ్లాలి. పనులన్నీ అయి, స్నానం చేసి రాత్రి రాసుకుంటే ఇంకా మేలు, అయితే పక్కలో మనవడో మనవరాలో పడుకుంటే అదీ ఆలోచించాలి. రాసిన రెండు మూడు గంటల దాకా అక్కడ నీళ్లు తగలనివ్వవద్దు.

రక్తపరీక్ష గురించి అపోహ ఒకటి ఉంది. "టెస్టోస్టిరాన్ తక్కువ వచ్చింది, కాబట్టి ఇవ్వాలి" అని ల్యాబ్ ప్యాకేజీల వాళ్లు చెప్తుంటారు. ఆడవాళ్లలో ఇది సహజంగానే చాలా కొద్దిగా ఉంటుంది, మామూలు ల్యాబ్ యంత్రాలు అంత కొద్దిని సరిగా కొలవలేవు. పైగా ఇంత కంటే తగ్గితే కోరిక పోతుందనే గీత ఏదీ లేదు. పరీక్ష చేసేది జబ్బు తేల్చడానికి కాదు, మోతాదు మించకుండా కాపలా కాయడానికి. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నుంచి ఆరు వారాలకు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి చూడాలి. ఆడవాళ్ల హద్దు దాటితే తగ్గించాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, ఇంకా గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఈ చివరిది మీకు వర్తించదు, కానీ మీ ఉత్తరం చదివి ముట్లు ఇంకా పూర్తిగా ఆగని చెల్లెళ్లు ఎవరైనా మొదలుపెడతారేమోనని చెప్తున్నాను. కడుపులో ఆడపిల్ల ఉంటే బిడ్డకు హాని. ఇంకొకటి, ట్రయల్స్‌లో రెండేళ్లకు మించి చూసిన లెక్కలు లేవు. అందుకే వాడేవాళ్లు ఏటా ఒకసారి "ఇంకా కావాలా" అని డాక్టరుతో కూర్చుని చూసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, నల్లగొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గైనకాలజీ ఓపీ ఉంది. పై మూడు పనులూ అక్కడ అవుతాయి. ప్రభుత్వం 2023 మార్చిలో మొదలుపెట్టిన 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లలో మెనోపాజ్ సమస్యలు కూడా చేర్చారు, మంగళవారం చూసేవాళ్లు. మీ దగ్గరి పీహెచ్‌సీలో నడుస్తోందేమో ఆశా కార్యకర్తను అడగండి, మీకు రోజూ కలిసే మనిషే కదా. టెస్టోస్టిరాన్ దాకా వస్తే మాత్రం హైదరాబాద్‌లో ఉస్మానియాలోనో నిమ్స్‌లోనో హార్మోన్ డాక్టర్లను కలవడం మంచిది. ఆ ట్యూబు, టెన్షన్ గోళీ స్ట్రిప్, ఆపరేషన్ కాగితం, మూడూ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ ట్యూబు మీద పేరు, శాతం చూసి డాక్టరే చెప్తారు.

ఓపీలో పక్కన పదిమంది నిలబడి ఉంటారు, నోరు పెగలదు. నాకు తెలుసు. అందుకే ముందే ఒక చీటీ మీద రాసుకుని చేతికివ్వండి. "నాకు 37 ఏళ్లకు గర్భసంచి తీసిన్రు. కలిసినప్పుడు మంట ఉంది. మునుపటి లెక్క మనసైతలేదు. అది నాకు బాధగా ఉంది. హార్మోన్ మందుల గురించి మాట్లాడాలి." ఈ ఐదు వాక్యాలు చాలు. చదివిన డాక్టరు మిమ్మల్ని తప్పకుండా తెర లోపలికి పిలుస్తారు. "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నారా, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చివరిగా, వాకిట్లో మంచం సంగతి. ఆయన ఏమీ అనడు అన్నారు. మీకు మంట పుడుతోందని ఆయనకు తెలుసా? చాలామంది మగవాళ్లు భార్య మూలిగితే తమను వద్దనుకుంటోందని అనుకుని దూరం జరుగుతారు. నొప్పి గురించి చెప్తే తేలికపడతారు. ఇంకొందరు తమకే ఇబ్బంది ఉండి, అది బయటపడకుండా మంచం మార్చుకుంటారు. 52 ఏళ్ల వయసులో షుగర్ ఉంటే అంగస్తంభన సమస్య చాలా మామూలు. దానికి వేరే మందులున్నాయి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్లండి. మొదట మీరొక్కరే లోపలికి వెళ్లి మాట్లాడుకోండి, తర్వాత ఆయన్ని పిలిపించండి. అదే రోజు ఆయనకు కూడా షుగర్, బీపీ చూపించుకుని రండి.